మంగాయమ్మగారు జీవించి ఉండుట గురించి

చేత్తో చేసిన వస్తువులను జనం ఎందుకు కొంటున్నారో తేల్చడానికి ప్రభుత్వం వారు ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం చాలా ఊళ్లు తిరిగి, చాలా చోట్ల భోజనాలు చేసి, చివరికి ఒక సత్యం కనిపెట్టింది. జనం వస్తువును కొనడం లేదు, దాని వెనకున్న కథను కొంటున్నారు. కథ ఎంత ఏడిపిస్తే ధర అంత పలుకుతోంది. ఇంత విలువైన కన్నీరు ఎవరి అజమాయిషీ లేకుండా ఇష్టమొచ్చినట్టు పారుతున్నదని సంఘం ఆందోళన వెలిబుచ్చింది. దాంతో 'చేతివస్తువుల నామ మూల్య మండలి' ఏర్పడింది. ఇకమీదట ఇంట్లో చేసిన ఏ వస్తువునైనా ఆన్‌లైన్‌లో అమ్మాలంటే దానికి మండలి ఒప్పుకున్న పేరు, మండలి కట్టిన ధర ఉండాలి. లేని దుకాణాలను దసరా వెళ్లగానే తీసేస్తారు.

ఈ సంగతి మండపేటలో వీరవేణి ఫోనుకు వచ్చేసరికి ఆమె బొంత కుడుతోంది.

వీరవేణిది చిన్న దుకాణం. దుకాణమంటే వీధిలోంచి చూస్తే ఏమీ కనబడదు. వెనక వసారాలో ఒక చాప, పాత చీరల మూటలు, సూదుల డబ్బా, ఫోను. అంతే. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత. భర్త త్రిమూర్తులు మోటార్లకు వైండింగు చేసే షాపులో పని చేస్తాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు మంగాయమ్మ, కోడలు వసారాలో ఎదురెదురుగా కూర్చుని ఒకే బొంతను చెరో వైపు నుంచి కుట్టుకుంటూ వస్తారు. మధ్యలో కలుసుకునేసరికి వీధిలో సంగతులన్నీ పూర్తవుతాయి.

అంతకు ముందు వీరవేణి అటుకుల మిల్లులో పనికి వెళ్లేది. పొట్టు దగ్గుతో ఇంటికొచ్చి, అత్తగారితో రెండు మాటలు మాట్లాడే ఓపిక కూడా లేక పడుకునేది. బొంతలు అమ్ముడుపోవడం మొదలయ్యాక ఆ దగ్గు పోయింది, ఈ మధ్యాహ్నాలు వచ్చాయి. దుకాణం పోతే పోయేది ఆ మధ్యాహ్నాలే.

పేర్లకి ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. పెద్ద బొంత, చిన్న బొంత, ఉయ్యాల బొంత. ధర కట్టే పని మంగాయమ్మది. ఆవిడ పద్ధతి తేలిక. ధర చెప్పగానే అవతలివాళ్లు సరే అంటే తక్కువ చెప్పినట్టు. మళ్లీ పలక్కపోతే ఎక్కువ చెప్పినట్టు. కాసేపు ఊరుకుని 'కొంచెం తగ్గించండి' అంటే సరిగ్గా చెప్పినట్టు.

మండలి వారి అవగాహనా సదస్సు కల్యాణ మండపంలో పెట్టారు. ముందురోజు పెళ్లి తాలూకు పూల అక్షరాలు వేదిక వెనక ఇంకా ఉన్నాయి. జిల్లా నామ మూల్యాధికారి పరాంకుశం గారికి వేరే కుర్చీ దొరక్క పెళ్లికొడుకు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో ఆయన ఫైళ్లు పెట్టుకున్నారు.

"సోదరీమణులారా! వస్తువును వస్తువు పేరుతో పిలుచుట అనాగరికం," అని ఆయన మొదలుపెట్టారు. "బుట్టను బుట్ట అనరాదు. 'నిరీక్షణ' అనవలెను. చాపను 'ఒంటరి సాయంత్రం' అనవలెను. ఉట్టిని 'అందని ప్రేమ' అనవలెను. ఇక ధర. ధర అనగా ముడిసరుకు, శ్రమ, వేదన. మొదటి రెండింటికీ పరిమితి విధించడమైనది. మూడవదానికి పరిమితి లేదు. వేదనను నాలుగు శ్రేణులుగా విభజించడమైనది. నిర్వేదన, అల్పవేదన, మధ్యవేదన, మహావేదన. కావున ఎవరి వేదనను వారు నిర్భయంగా ప్రకటించుకొనవచ్చును."

కొబ్బరి చిప్పలతో బొమ్మలు చేసే ఆవిడ లేచింది. "మాకు గేదె పోయిందండి."

"ఎవరి గేదె?"

"ఎదురింటివాళ్లదండి. కానీ నేనూ ఏడ్చేనండి ఆయ్."

"పరోక్ష వేదన. సగం ఇవ్వవచ్చును. చప్పట్లు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగాక వీరవేణి లేచింది. "సార్, కష్టాల్లేనోళ్లు ఏం చెయ్యాలండి?"

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కష్టాలు లేవా? బొత్తిగా?"

"మొన్న వానకి వసారా కారిందండి. రేకేయించేసుకున్నాం."

"భర్త?"

"మంచోడండి."

"అత్తగారు?"

"ఉన్నారండి."

ఆయన ముఖం వికసించింది. "ఎలా చూస్తారు?"

"బాగా చూస్తారండి. నెమ్మదిగా నడవమంటారు. ఇంకాస్త తినమంటారు."

ఆయన ఫైలు మూసేశారు. "అమ్మా, నిర్వేదన శ్రేణిలో మీ బొంతకు మండలి కట్టే ధర మీ దారపు ఖర్చుకు చాలదు. ఇంటికి వెళ్లి బాగా వెతకండి. కష్టం లేని ఇల్లు ఉండదు. నాకా నమ్మకం ఉంది."

ఆ సాయంత్రం ముగ్గురూ కూర్చుని వెతికారు.

"నేను తాగుతానని రాసెయ్యవే," అన్నాడు త్రిమూర్తులు.

"మీరు తాగేది మజ్జిగండి."

"ఎంత తాగుతానన్నది రాయి. ఏం తాగుతానన్నది రాయకు."

"ఊరుకోరా," అంది మంగాయమ్మ. "రేపు నీకు షాపులో ఉద్యోగం ఉంటదా? నా చిన్నప్పుడు మా నాన్న నన్ను తిరనాళ్లలో మర్చిపోయేడు. అది రాయవే వేణీ."

"తర్వాతేమైందత్తయ్యా?"

"ఏవవద్ది? జీళ్లు అమ్మేవాడి పక్కన కూర్చున్నాను. మా నాన్నొచ్చేసరికి కడుపు నిండిపోయింది. వెళ్లనని ఏడ్చేను."

వీరవేణికి ఏడుపుగొట్టు పేరేదీ తోచలేదు. అప్పటికి కుట్టడం పూర్తయిన బొంత మంగాయమ్మ నీలం వెంకటగిరి చీరతో చేసింది. కుచ్చిళ్ల దగ్గర చిరిగిందే గాని, రంగు ఇంకా నిగనిగలాడుతూ ఉంది. ఆ చీరమీద ఉన్న ఇష్టంతో, మండలి వారి వెబ్‌సైట్లో పేరు అన్నచోట 'మంగాయమ్మ' అని, ఆవిడెవరు అన్నచోట 'మా అత్తగారు' అని కొట్టింది.

వీరవేణికి తెలియని నిబంధన ఒకటుంది. బతికున్నవాళ్ల పేర్లు వస్తువులకు పెడితే అది సొంత ప్రచారం అవుతుంది కనుక, మనుషుల పేర్లు కాలం చేసినవారివి మాత్రమే అనుమతించాలి. కావున వెబ్‌సైటు ఎవర్నీ అడక్కుండానే మంగాయమ్మను కాలం చేయించి, బొంతను మహావేదనలో వేసి, ధరను నాలుగింతలు చేసింది. ఇది ఏమిటో వీళ్లకు అర్థమయ్యేలోపల బొంత అమ్ముడుపోయింది. వెనకాలే సందేశాలు రావడం మొదలుపెట్టాయి.

మంగాయమ్మ కోడలి చేత వాటిని చదివించుకుంది. "'మీ అత్తగారి చల్లని చెయ్యి ఈ కుట్లలో తగులుతోంది' అని రాసేరత్తయ్యా, బెంగుళూరు నించి."

"అవి నా కుట్లే కదే! ఎంత బాగా రాసేడే కుర్రాడు! ఇంకోటి చదువు."

"'అలాంటి తల్లులు మళ్లీ పుట్టరు.'"

"చూసేవా! ఇన్నేళ్లు బతికేను, ఒక్కడన్నా ఒక్క మాటన్నాడా?"

వీరవేణికి మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎదురుగా కూర్చుని చారు జుర్రుకుంటున్న మనిషికి, ఫోనులో ఆత్మశాంతి కలుగుతోంది. పొరపాటు సవరించమని మండలికి రాసింది. మరుక్షణంలో జవాబొచ్చింది: 'మీ దుఃఖంలో మండలి పాలుపంచుకుంటోంది.' మళ్లీ రాసింది. మండలి మళ్లీ పాలుపంచుకుంది.

మహావేదన శ్రేణిని అధికారి స్వయంగా వచ్చి చూసి ధ్రువీకరించాలి. వారం తిరక్కుండా పరాంకుశం గారు సంతాపసూచకంగా తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. తలుపు తీసిన ముసలావిడకు నమస్కారం పెట్టి, తల వంచుకుని లోపలికొచ్చి కూర్చున్నారు.

"మంగాయమ్మగారి విషయమై వచ్చాను," అన్నారు మెల్లగా. "చివరి రోజుల్లో బాగా బాధపడ్డారా?"

"మోకాళ్లు కొంచెం సలిపేయండి," అంది మంగాయమ్మ.

"ఆహారం ఏమైనా తీసుకునేవారా?"

"పొద్దున్న రెండు పెసరట్లు తిన్నానండి. మీక్కూడా వెయ్యమంటారా? పిండి ఉంది."

ఆయన రాస్తున్న కలం ఆగిపోయింది. "తమరు?"

"మంగాయమ్మనండి."

పరాంకుశం గారు మనిషి చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్న నిబంధనల పుస్తకం వంక, ఎదురుగా ఉన్న మంగాయమ్మ వంక మార్చి మార్చి చూసి, పుస్తకాన్ని నమ్మారు. అంతే ఆయన చేసిన తప్పు. పెసరట్టు తిని, మంచినీళ్లు తాగి, ఎంతో నొచ్చుకుంటూ నోటీసు రాసిచ్చారు.

'విక్రయ నామములో పేర్కొనబడిన వ్యక్తి జీవించి ఉండుటను గమనించడమైనది. సదరు వ్యక్తి జీవించి ఉండుటకు గల కారణములను దుకాణదారు లిఖితపూర్వకముగా తెలియపరచవలెను. లేనియెడల దుకాణము తొలగించబడును.'

"ఏం రాయాలండి?" అంది వీరవేణి, నోటీసు అటూ ఇటూ తిప్పి.

"ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా. లేదా, ఆవిడ జీవించి ఉండటమే మీకు వేదన అని నిరూపించండి. అత్తగారి పెట్టుడు గయ్యాళితనం కాదు, ప్రామాణికంగా ఉండాలి. పరిశీలన సంఘాన్ని పంపిస్తాను. మూడో దారి కూడా ఉంది గాని, దాని విషయంలో మేము ఎవర్నీ తొందరపెట్టం." అని మంగాయమ్మ వంక చూసి, చూపు తిప్పేసుకుని వెళ్లిపోయారు.

పరిశీలన సంఘం వచ్చేనాటికి మంగాయమ్మ బాగా సాధన చేసింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పెరట్లో జామచెట్టును తిట్టి చూసుకుంది. సంఘంలో ముగ్గురు. వసారాలో వరసగా కుర్చీలు వేయించుకుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని, "ప్రారంభించవచ్చును," అన్నారు.

మంగాయమ్మ కొంగు బిగించింది. "ఏవే! ఇంత పొద్దెక్కినా ఏం చేస్తున్నావే? నీకు సిగ్గూ శరం ఉందా? నిన్న రాత్రనగా తిన్నావు, ఇప్పటిదాకా పచ్చి మంచినీళ్లన్నా ముట్టలేదు! ఆ మొహం ఎలా పీక్కుపోయిందో చూసుకున్నావా? ముందు రెండు ముద్దలు తిని తగలడు!"

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇందులో హింస ఏదమ్మా?"

"తిట్టేను కదండి!"

"చెయ్యి చేసుకొనుట వంటిది..."

మంగాయమ్మ చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక కాసేపు అలాగే నిలబడింది. కోడలి జుట్టులో దారం పోగు ఒకటి అంటుకుని ఉంటే, దాన్ని తీసి పారేసి చెయ్యి దించేసింది.

వీరవేణి మొహం కొంగుతో కప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఒక సభ్యుడు ఆశగా ముందుకు వంగాడు. నవ్వుతోంది.

సంఘం నివేదిక ఇలా ఇచ్చింది: 'అత్తగారి గయ్యాళితనం చిత్తశుద్ధితో కూడిన ప్రయత్నమే గాని ప్రామాణికం కాదు. కోడలు ఆనందిస్తున్నట్లు ఆధారాలు లభించినవి. ములక్కాడ కూర బాగున్నది.'

దసరా దగ్గరపడింది. జిల్లా కేంద్రంలో మండలి అధ్యక్షుల వారి ముందు విచారణ పెట్టారు. వీరవేణి, మంగాయమ్మ బస్సులో వెళ్లారు. కిటికీ పక్క సీటు ఒక కాలేజీ అమ్మాయి మంగాయమ్మకు లేచి ఇచ్చింది. "బతికున్నదాన్నని దీనికన్నా తెలిసింది," అని మంగాయమ్మ సంతోషించింది.

పెద్ద హాలు, పొడుగు బల్ల. అధ్యక్షుల వారి ముందు ఫైలు తెరిచి పరాంకుశం గారు చదివారు. "సదరు మంగాయమ్మ ఇంతవరకు జీవించియే ఉన్నారు. ఇది వారి వ్యక్తిగత నిర్ణయమని భావించబడుచున్నది. అయితే వెబ్‌సైటులో వారు లేరు. వెబ్‌సైటును సవరించుటకు అవకాశము లేదు. కావున మంగాయమ్మగారి వైపు నుండి సవరణ అవసరమగుచున్నది."

అధ్యక్షుల వారు మృదువుగా మాట్లాడే మనిషి. ఒక కాగితాన్ని వీరవేణి వైపు జరిపారు. "అమ్మా, ఇంత చిన్న విషయానికి దుకాణం పోగొట్టుకోవడం దేనికి? మీ అత్తగారు లేరని ఒక్క సంతకం పెట్టండి. ఇది కేవలం మా రికార్డు వరకే. ఇంటి దగ్గర ఆవిడ మామూలుగా ఉండవచ్చు. మాకు అభ్యంతరం లేదు."

వీరవేణి కలం ముట్టుకోలేదు.

"పెట్టెయ్యవే," అంది మంగాయమ్మ పక్కనుంచి. "వాళ్ల కాగితంలో పోతే నాకేంటి? మళ్లీ ఆ మిల్లుకెళ్లి పొట్టు మింగుతావా? పెట్టెయ్. నేను చెప్తున్నాను కదా."

"మీరుండండత్తయ్యా."

"ఏవుండమంటావే? ఇక్కడుంటే వాళ్లొప్పుకోరు, పోతే నువ్వొప్పుకోవు!"

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. వీరవేణి నవ్వలేదు. మండలి ఆఫీసుకు ఎన్ని తిరుగుళ్లు, ఎన్ని జిరాక్సులు, ఎన్నిసార్లు 'సార్ మీటింగులో ఉన్నారు'! అన్నీ ఓర్చుకుంది. ఇప్పుడు అత్తగారు తన కోసం, ఉప్పు అప్పిచ్చినంత తేలిగ్గా, చచ్చిపోవడానికి ఒప్పుకుంటోంది.

"నేను పెట్టనండి," అంది. "దుకాణం తీసేసుకోండి. మిల్లుకే పోతాను. ఇంట్లో అన్నం వడ్డించుకున్న మనిషిని పట్టుకుని, ఈవిడ లేదని ఎలా రాస్తానండి?"

అని, జీవితంలో మొదటిసారి నలుగురిలో వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇలాంటి ఏడుపు మండలి పుట్టిన దగ్గర్నుంచి ఆ గదిలో ఎవరూ వినలేదు. సదస్సుల్లో వినేది వేరు.

పరాంకుశం గారు అసంకల్పితంగా నిబంధనల పుస్తకం తీశారు. "అమ్మా, క్షమించాలి. ఈ కన్నీటికి కారణం?"

"మీరేనండి! ఇంకెవరు?" అంది మంగాయమ్మ, కోడలి వీపు నిమురుతూ. "దీన్ని నేనెప్పుడూ ఏడవగా చూళ్లేదు. మీరు రాకముందు మాకు ఏ కష్టం లేదని మొదట్నించీ మొత్తుకుంటున్నాం కదా!"

పరాంకుశం గారు పేజీలు తిప్పారు. "అయ్యా," అన్నారు అధ్యక్షుల వారితో, గొంతు తగ్గించి. "ఇది ప్రత్యక్ష వేదన. కారకులు మండలి. సాక్షులు మండలి. మహావేదనకు ఇద్దరు గెజిటెడ్ అధికారుల సాక్ష్యం చాలును. ఇక్కడ మనం తొమ్మండుగురం ఉన్నాం."

"తిరస్కరిస్తే?"

"మన కళ్లముందు జరిగినది జరగలేదని మనమే రాసినట్టవుతుందండి. అదీగాక ఆవిడ మళ్లీ ఏడుస్తారు. వేదన ఇంకా పెరుగుతుంది."

అధ్యక్షుల వారు ఫైలు తన వైపు లాక్కున్నారు. తరవాత సంతకం పెట్టారు. సంతకం పెట్టాలని అందరికన్నా ముందే అనిపించింది ఆయనకే గాని, దానికొక నిబంధన దొరకడం మంచిదైంది.

వేదనకు మూలమైన దాని పేరే వస్తువుకు పెట్టాలని మండలి పుస్తకంలో ఉంది. దాంతో వీరవేణి దుకాణంలో పేర్లు మారిపోయాయి. పెద్ద బొంత పేరు 'లిఖితపూర్వకముగా తెలియపరచవలెను'. చిన్న బొంత 'ఇంకొక జిరాక్సు'. ఉయ్యాల బొంత 'సార్ మీటింగులో ఉన్నారు'. ఉయ్యాల బొంతకు దేశమంతటి నుంచీ విపరీతమైన గిరాకీ వచ్చింది. ఈ పేరు చెప్తే పిల్లలు వెంటనే పడుకుంటున్నారని ఒక తల్లి రాసింది. మంగాయమ్మ ధరను మళ్లీ తన పద్ధతిలోనే సరిచేసింది, మండలి కట్టినదానికన్నా కాస్త తగ్గించి. మరీ అంత వేదన ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదంది.

మిగతా చోట్ల చేతిపనివాళ్లు కూడా గేదెలను, మొగుళ్లను వదిలేసి, ఇదే పద్దు కింద దరఖాస్తులు పెట్టుకున్నారు. అందరి దగ్గరా తగినన్ని ఆధారాలున్నాయి. ఆ ఏడాది వార్షిక నివేదికలో మండలి సగర్వంగా ప్రకటించింది: 'రాష్ట్రంలోని చేతివస్తువుల విలువలో అత్యధిక భాగము మండలి స్వయముగా సమకూర్చినదే.' దానికి ఒక అవార్డు కూడా వచ్చింది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. మహావేదన మూడు నెలలే చెల్లుతుంది, మళ్లీ పునరుద్ధరించాలి. అంటే మండలి అధికారి స్వయంగా వచ్చి, దుకాణదారును తగినంత ఇబ్బంది పెట్టి వెళ్లాలి. మండపేటకు ఆ విధి పరాంకుశం గారికే పడింది.

ఆ పనిమీద మొదటిసారి వచ్చినప్పుడు ఆయన వసారాలో చాపమీద చాలాసేపు ఏమీ తోచక కూర్చున్నారు. "ఆధార్ జిరాక్సు ఉందా అమ్మా?" అన్నారు చివరికి.

"ఉందండి."

"మరి... రెండోది?"

"అదీ ఉందండి."

ఆయన నిట్టూర్చారు. మంగాయమ్మ సూదిలో దారం ఎక్కించలేక వెలుతురు వైపు పెట్టి తంటాలు పడుతోంది. "ఇలా ఇవ్వండమ్మా," అని ఆయన అందుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కసారికే ఎక్కించారు. మంగాయమ్మ ఇంకో సూది ఇచ్చింది. అదీ ఎక్కించారు. డబ్బాలో ఉన్న సూదులన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. ఈలోగా ఎదురింట్లో కొత్త గేదెను కొన్నారన్న సంగతి, దాని ధర మీద వచ్చిన తగాదా ఆయనకు పూర్తిగా తెలిశాయి.

లేవబోతుంటే వీరవేణి అడిగింది. "సార్, రిపోర్టులో ఏం రాస్తున్నారండి?"

పరాంకుశం గారు కలం తీసి, మోకాలిమీద కాగితం పెట్టుకుని, చాలా బాధ్యతగా రాశారు: 'వేదన తీవ్రముగా కొనసాగుచున్నది. మూడు నెలలు చాలా ఎక్కువ వ్యవధి. ఇకపై ప్రతి శనివారము స్వయముగా వచ్చి పరిశీలించుట అవసరము.'

రాసి, మంగాయమ్మ వైపు తిరిగారు. "శనివారం పెసరట్లుంటాయాండి?"